ఏ రాయినీ నమ్మని దయామణి టీచరు గారు

రాజోలులో నేను బాగుచేసిన ఇన్వర్టరును ఇంటికి పట్టుకెళ్ళే ముందు జనం నా ఎదుటే మూడుసార్లు వేసి, ఆర్పి చూసుకుంటారు. నా పనితనం మీద ఊరికున్న విశ్వాసం అంతటిది. అందుచేత మొన్న మంగళవారం "దయామణి టీచరు గారు ప్రభువు సన్నిధికి చేరేరండీ" అని కబురు చెబితే అందరూ నా మొహంకేసి అనుమానంగా చూశారు. వాళ్ళననేం లాభం? ఫోనులో విన్న నేనే నమ్మలేదు.

లెక్కల ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాక, కంప్యూటరుకు గో ఆట నేర్పడాన్ని ఆవిడ తపస్సుగా స్వీకరించారు. గీతల పలక మీద ఒకరు నల్లరాళ్ళు, ఒకరు తెల్లరాళ్ళు పెడుతూ, ఎదుటివారి రాళ్ళను చుట్టుముట్టి తీసేసే ఆట అది. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన నన్ను పిలిచి, దానితో ఆడమన్నారు.

"నాకేం వచ్చండీ?"

"తొండి వచ్చు కదరా. నాకదే కావాలి."

నియమం రాసేవాడు ఆటగాణ్ణి పెద్దమనిషి అనుకోవచ్చు గానీ, ప్రోగ్రాం రాసేవాడు దొంగ అనే అనుకోవాలన్నది ఆవిడ సిద్ధాంతం.

నా రాయిని నువ్వు తీస్తే, వెంటనే నేను నీ రాయి తీసి పలకను మునుపటిలా చేయకూడదన్నది ఆ ఆటలో ఒక కట్టడి. లేకపోతే ఆట తెమలదు. ప్రోగ్రాం ఒక్క ఎత్తు వెనక్కి చూసుకుని ఆ కట్టడిని కాపాడేది. ఓడిపోతున్న నేను ఊరుకుంటానా? మూడుచోట్ల అలాంటి తగువు పెట్టి, వంతులవారీగా తీస్తూ, ఆరు ఎత్తులకల్లా పలకను మొదటికి తెచ్చాను. భోజనాలయ్యాక మొదలైన ఆట దీపాలు పెట్టేవేళకీ అక్కడే తిరుగుతోంది.

"ఒరేయ్ సత్తిబాబూ, బడి మానేసి గణితానికి ద్రోహం చేసేవురా" అన్నారు టీచరు గారు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ అనుమానమే.

మరునాటికి, ఆ ఆటలో వచ్చిన ప్రతి స్థితినీ ప్రోగ్రాం గుర్తుంచుకునేలా మార్చారు. నేను మళ్ళీ అదే తంతు నడిపి ఆరో రాయి పెట్టబోతే "చెల్లదు" అంది. "మీ యంత్రం మీ పక్షమేనండీ" అని నేను దెబ్బలాటకు దిగాను. ఆవిడ వాదించలేదు. ఆరు ఎత్తుల కిందటి పలకను తెర మీద పక్కనే పెట్టి, రాయి రాయీ నా చేతే సరిచూపించారు. అనుమానాన్ని అవమానంగా భావించని అంతటి ఉదాత్తురాలిని నేను మరొకరిని ఎరుగను.

ఆట చివర, మిగిలిన రాళ్ళలో ఏవి ఇక తప్పించుకోలేక చచ్చినట్టో తేల్చడం ఇంకో చిక్కు. యంత్రం రాళ్ళన్నీ చచ్చాయనేవాణ్ణి నేను. "చచ్చిందన్నవాడే చంపి చూపించాలిరా" అని, పేచీ వస్తే ఆట మళ్ళీ సాగేలా రాశారు.

పోయిన ఆదివారం ఒక తెల్లగుంపు చచ్చిందన్నాను. బతికే ఉందంది యంత్రం. ఆడాం, చచ్చింది. అలా మొట్టమొదటిసారి గెలిచాను. అప్పటికే జబ్బుతో నీరసించిన టీచరు గారు ఆయాసపడుతూ నన్నోసారి, తెరనోసారి చూసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. పోయేముందు వెర్రివాడికో సంతోషమని ప్రోగ్రాంను మెత్తబరిచారేమోనని నాకు గుబులు పుట్టింది. నా జన్మకల్లా దక్కిన ఒక్క గెలుపు విజయమో దానమో తెలియకపోతే ఎలా? అడిగేలోపే మంగళవారం వచ్చింది.

ఆ సత్యనిష్ఠకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. నన్నంత శ్రద్ధగా అనుమానించేవారు ఇక లేరు. ఆ వెలితి పూడేది కాదు.

సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక, ఉండబట్టలేక ఆవిడ కూతుర్నే అడిగేశాను: "అమ్మగారు నన్ను కావాలనే గెలిపించేరంటారా అండీ?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ముప్పైనాలుగు వస్తే ఒక్క మార్కు కలపకుండా కన్నకూతుర్ని ఫెయిల్ చేసిందండీ మా అమ్మ. మీకు రాయి వదిలేస్తుందా?"