తువ్వాలు కప్పిన మైకు

ఆదోనిలో మా ఇంటి పైగదిలో పాటలు రికార్డు చేస్తుంటాను. ఎక్కువగా భజన బృందాలే వస్తాయి. వాళ్ల తాళాల మోత చెవుల్లో గుచ్చుకోకూడదని కావాలనే మెత్తగా పలికే మైకు కొన్నాను. దాని గురించి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ గొప్పలు చెప్పేవాణ్ణి.

ఒకసారి ఆ మైకు తీసుకునే ఎమ్మిగనూరు వెళ్లాను. అక్కడ ఒక నేతగాళ్ల ఇంట్లో పెద్దావిడ నూలు కండెలు చుడుతూ పాటలు పాడేది. మర్నాడు కర్నూలులో ఆమె గొంతుకు ఆపరేషన్. తర్వాత గొంతు ఎలా ఉంటుందో చెప్పలేమని డాక్టరు అన్నాడట. అందుకే ఆమె కూతురు నన్ను పిలిపించింది.

మైకు స్టాండుకు బిగించానో లేదో, పెద్దావిడ లేచి వచ్చి స్టాండుకు పసుపు కుంకుమలు పెట్టింది. మగ్గం మీంచి అప్పుడే కోసిన తువ్వాలును రెండు మడతలు వేసి మైకు మీద కప్పింది.

"కొత్త పనిముట్టు ఇంట్లోకొచ్చినాదంటే మేమిట్లనే కప్పుతామప్పా. ఉండనీ, మంచిది" అంది.

తీయమంటే ఎక్కడ నొచ్చుకుంటుందోనని ఊరుకున్నాను. అది మర్యాద అనుకున్నాను. నిజానికి నోరు పెగల్లేదు, అంతే. ఆమె పాడుతుంటే హెడ్‌ఫోన్లలో బాగానే వినిపించింది. నా హెడ్‌ఫోన్లు ఎంత మొద్దు శబ్దాన్నయినా కాస్త తేటగా వినిపిస్తాయి. ఆ సంగతి తెలిసీ ఆ రోజు గుర్తుకు రాలేదు.

మర్నాడు ఆదోనిలో స్పీకర్లు పెట్టి విన్నాను. పాట మూసిన తలుపు అవతలినుంచి వస్తున్నట్టుంది. మాటల అంచులన్నీ అరిగిపోయాయి. మళ్లీ పాడించుకుందామంటే ఆమె అప్పటికే ఆసుపత్రిలో ఉంది. నా మీద నాకే ఒళ్లు మండింది.

ముందు అందరూ చేసే పనే చేశాను, శబ్దంలో సన్నటి పై భాగాన్ని, అంటే ట్రెబుల్‌ని పెంచాను. బుస్సుమనే శబ్దం పెరిగింది తప్ప ఆమె గొంతు దగ్గరికి రాలేదు. రెండు రోజులు దానితో కుస్తీ పట్టి విసుగెత్తి వదిలేశాను. మూడోరోజు తోచింది, లేనిదాన్ని ఎంత పెంచినా లేనిదేనని. అడుగున మందంగా పేరుకున్న శబ్దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయాను. మాటలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

అయినా గొంతుకు ఇంకా తేటదనం చాలలేదు. పాట రికార్డు చేసిన రోజు కూతురు పక్కనే కూర్చుని ఫోన్లో వీడియో తీసింది. అంత మంచి మైకు ఉండగా ఫోనెందుకని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు అదే వీడియో పంపమని బతిమాలాను. రేకు డబ్బాలా మోగే ఆ శబ్దంలోంచి సన్నటి పై అంచు మాత్రం తీసుకుని నా రికార్డింగుతో కలిపాను. లక్షణంగా కుదిరింది. చివర్లో మెరుగులు దిద్దే మాస్టరింగులో కూడా శబ్దాన్ని మరీ పెంచలేదు. ఆమె ఊపిరి తీసుకునే చోట్లు అలాగే ఉంచాను.

నెల తర్వాత మళ్లీ ఎమ్మిగనూరు వెళ్లాను. పెద్దావిడకు గొంతు తిరిగి రాలేదు. మాట్లాడబోతే గాలే వస్తోంది.

"మైకు కొంచెం మొద్దుదమ్మా, సరిచేసినాను" అన్నాను. తువ్వాలు ఊసెత్తలేదు.

పాట పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా వింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో కండె చుడుతున్నట్టు తిరుగుతూనే ఉంది. అయ్యాక దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగితే చెవిలో చెప్పింది.

"గుడ్డ తీసేసినావు కదప్పా."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ గుసగుస కూడా మందపాటి గుడ్డ కిందినుంచి వచ్చినట్టే ఉంది. దాన్ని సరిచేయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె మళ్లీ పెట్టమని వేలు తిప్పింది. పెట్టాను.