మూతతోనా, గ్లాసుతోనా?

వేడినీళ్లలో బ్రాందీ పోస్తే ముందు తీపి వాసన వస్తుంది, ఆ వెనక గొంతు పట్టే ఘాటు. మొన్న భవానీపురంలో మా పిన్ని కూతురు బాలింతగా ఉన్న గదిలోకి అడుగుపెట్టగానే ఆ వాసన తగిలింది. పదహారేళ్ల కిందట, రెండు వీధుల అవతల మా అమ్మ ఇంట్లో, పద్దెనిమిది రోజుల నా కూతురి అరికాలిని వేలితో కొడుతున్న సుగుణమ్మ గారు గుర్తొచ్చారు. మూడోసారి కొడితే గానీ పిల్ల కళ్లు తెరవలేదు. తెరిచి, రెండు గుక్కలు తాగి, మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

సుగుణమ్మ గారు మా పక్కింటావిడ. నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి, పిల్లను గుడ్డ ఉయ్యాలలో వేసి, తన ఇంటి నుంచి తెప్పించిన కొక్కెం త్రాసుకు తగిలించారు. పుట్టినప్పటికంటే తక్కువ తూగింది. అప్పటిదాకా పిల్ల ఏడవడం లేదని ఇంట్లో అందరికీ మురిపెమే. "బంగారు తల్లి, దాని అమ్మ నిద్ర చెడగొట్టదు" అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

"బాలింతకు ఏమేం ఇస్తున్నారు వదినగారూ?" అని ఆవిడ అమ్మను అడిగారు.

"అందరూ ఇచ్చేదేనండీ. వెల్లుల్లి కారం, మిరియాల చారు, కాస్త బ్రాందీ."

ఒంటినొప్పులు తగ్గుతాయని, చలి చేయదని బాలింతకు బ్రాందీ పట్టడం మా వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. దాన్ని తాగడం అని ఎవరూ అనరు. ఎన్నడూ సీసా ముట్టని మా నాన్న, దుకాణం ముందు తల వంచుకుని నిలబడి మరీ కొనుక్కొచ్చారు.

"మూతతోనా, గ్లాసుతోనా?"

"మొదట మూతతోనే. నొప్పులంటోందని ఇప్పుడు గ్లాసులో పావు వంతు. పొద్దున కూడా." చెప్పేశాక అమ్మ ముఖం మారింది. "నా కూతురికి నేను చెడు చేస్తానా?"

"మీరు పోసిందంతా ప్రేమేలెండి. అది పాలల్లోకి కూడా వెళుతోంది, అంతే."

పాలు పిండి పారబోస్తే పోతుందా అని అడిగాను. "పోదు అమ్మాయ్. నీ ఒంట్లో ఉన్నంతసేపూ పాలల్లోనూ ఉంటుంది. గంటలు గడవాలి. ముందు డాక్టరు దగ్గరికి పదండి" అన్నారు. పిల్లల డాక్టరు బ్రాందీ ఆపమన్నాడు. నిద్రమత్తు దానివల్లేనా అంటే, అయ్యుండొచ్చు అన్నాడే తప్ప అవునని తేల్చలేదు. నాలుగో రోజు సాయంత్రం పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. అమ్మ మిగిలిన సీసాను బాత్రూంలో ఒంపేస్తూ, "ఇక అందరూ ఎలా పడుకుంటారో చూస్తాను" అంది.

అప్పటికి నేను పత్రికలో చేరి ఆరేళ్లు. ఇచ్చారా లేదా, చేశారా లేదా అని అడగడమే నాకు తెలిసిన పని. అలా అడిగితే మనుషులు తలుపు మూసేస్తారు. ఎంత అని అడిగితే తలుపు ఎప్పుడో తెరిచినట్టే మాట్లాడతారు. ఆ తర్వాత నేను రాయగలిగిన వార్తల్లో సగం ఆ ప్రశ్నతోనే దొరికాయి. గొంతులో నింద లేకుండా అడగడం మాత్రం సుగుణమ్మ గారిలా నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

మూతా గ్లాసా అన్న ఆ ప్రశ్న ఎలా తట్టిందని చాలా ఏళ్లకు ఆవిడనే అడిగాను. ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతున్నారు. చేతులు ఆగలేదు.

"ఉద్యోగం కొత్తలో నేనే చెప్పేదాన్ని, మూతతో కొలిచి పొయ్యండని. మా పెద్ద నర్సులు అలాగే చెప్పేవారు."

"ఎంతమందికి?"

"ఏటి మధ్య లంక గ్రామాల్లో మూడూళ్లు గుర్తున్నాయి. మనుషులు గుర్తులేరు."

మొన్న పిన్నిని అదే అడిగాను. "మూతతోనే" అంది. పాలలోకి వెళుతుందని చెప్పి గ్లాసు ఇవతల పెట్టాను. తల ఊపింది. నేను బయల్దేరేటప్పటికీ సీసా అలమారలోనే ఉంది.

సుగుణమ్మ గారు పోయి రెండేళ్లయింది. అక్కడ ఇప్పటికీ పోస్తున్నారేమో అడుగుదామని, ఆవిడ చెప్పిన ఆ మూడూళ్ల పేర్లు రాసుకున్నాను. ఇంకా ఒక్కదానికీ వెళ్లలేదు.