ఆంతరంగిక మిత్రుడి అధ్యాయం

ఆయనకు పరిశోధకుడుగారు అనే బిరుదు ఇచ్చింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు, సొంత భార్య. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగిరీ నుంచి రిటైరై ఇంటికొచ్చి, కాలం చేసిన ఒక కవిగారి జీవితాన్నీ స్నేహాలనూ ఉత్తరాల ఆధారంగా పుస్తకం రాస్తానని ప్రకటించగానే, "అలాగే పరిశోధకుడుగారూ, ముందు మన వంటింటి కుళాయి ఎందుకు కారుతోందో పరిశోధించండి" అందావిడ. కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది. బిరుదు మాత్రం నిలిచిపోయింది. ఆయన పైకి చిరాకుపడ్డాడు గానీ, లోపల కాస్త మురిసిపోయాడు కూడా.

ఆఫీసులో ఆయన పని ఉత్తరాలకు జవాబులు రాయడమే. నీళ్ళు రాలేదని జనం తిట్టిపోస్తూ రాస్తే, ఆయన చల్లగా, ఓర్పుగా సమాధానం రాసేవాడు. కింద సంతకం మాత్రం అధికారిది. ఒకసారి ఒక పెద్దాయన ఆఫీసుకే వచ్చి, "మీ జవాబు చదివి కళ్ళనీళ్ళొచ్చాయండీ, ఎంత మంచి మనసండీ మీది" అని అధికారి చేతులు పట్టుకున్నాడు. అధికారి ఏమీ ఎరగనట్టు తలాడించాడు. పక్క బల్ల దగ్గర మనవాడు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఈ కథ చుట్టాలందరికీ చెప్పి చెప్పి అరగదీశాడు.

సరే, పరిశోధన మొదలైంది. కవిగారి స్నేహితుల్లో ఒక డాక్టరూ, ఒక ప్రెస్సు యజమానీ ఇంకా ఉన్నారు. కాళ్ళావేళ్ళా పడి వాళ్ళ దగ్గరున్న ఉత్తరాలు తెచ్చుకున్నాడు. అవి భోజనాల బల్లంతా ఆక్రమించాయి. భార్యాభర్తలు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు.

తీరా చదివితే ఏముంది! "గురువారం వస్తున్నా. మంచం వేయించు." ఇది ప్రాణస్నేహితుడైన డాక్టరుకి. "ప్రూఫులు చూశాను. నిండా తప్పులే." ఇది ప్రెస్సు యజమానికి. గీతలు గీతలుగా, పక్కకు వాలిపోయిన రాత. ఇంకొకరైతే నీరుగారిపోయేవారు. మన పరిశోధకుడు మాత్రం ఎగిరి గంతేశాడు. ఎందుకంటే పడుచుదనంలో ఒక పాఠకుడిగా తను రాసిన ఉత్తరాలకు కవిగారి దగ్గర్నుంచి వచ్చిన జవాబులు పెట్టె అడుగున భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండు వైపులా నిండి ఉంటుంది. గుండ్రంగా, నిలువుగా ఉన్న రాత. ఉద్యోగం ఎలా ఉంది, గదిలో ఉక్కపోస్తోందా, వేళకు తింటున్నారా అని అన్నీ అడిగేవారు.

దీన్నిబట్టి తేలిందేమిటి? డాక్టరూ ప్రెస్సాయనా పైపై స్నేహితులు. కవిగారు మనసు విప్పింది ఒక్కరి దగ్గరే. ఆ ఒక్కరూ ఎవరో చెప్పడానికి వినయం అడ్డొచ్చింది. అడ్డొచ్చిన వినయాన్ని పక్కకు జరిపి 'ఆంతరంగిక మిత్రుడు' అని ఒక అధ్యాయం రాసేశాడు. మరి రాత వేరుగా ఉందేం అన్న ప్రశ్నకు కూడా సిద్ధాంతం దొరికింది: ఆత్మీయులకు రాసేటప్పుడు మనసు కుదుటపడుతుంది, మనసుతో పాటు అక్షరాలూ కుదుటపడతాయి.

భార్య విని, "మీరు నాకు రాసిన చీటీలన్నీ కోడి కెలికినట్టే ఉంటాయే మరి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఉత్తరాలు అచ్చువేయాలంటే కవిగారి భార్య అనుమతి కావాలి. అనుమతి ఒక సాకు. అసలు ఆయనకు కావలసింది, ఆ ఇంటివాళ్ళ నోటి నుంచి "అవును, మీరంటే ఆయనకు ప్రాణం" అన్న మాట. ఆ ఒక్క మాట లేకపోతే అధ్యాయం గాలిమేడే, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

పెద్దావిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చూపు బాగా మందగించింది. "మీరే చదివి వినిపించండి నాయనా" అంది. ఆయన గొంతు సవరించుకుని, తన అధ్యాయం తనే రాగయుక్తంగా చదివాడు. కవిగారి కరుణకు పరాకాష్ఠ అని తను ఎత్తిరాసుకున్న వాక్యం దగ్గర కొంచెం గద్గదస్వరం కూడా జోడించాడు: "అమ్మగారి దగ్గు తగ్గిందా? ఈసారైనా తప్పకుండా రాయండి."

"తగ్గిందా మరి?" అంది పెద్దావిడ.

"అది కవిగారు నన్ను అడిగిన మాటండీ."

"ఆయనెక్కడ అడిగారు నాయనా, అడిగింది నేను. ఆయనకు ఉత్తరం విప్పడమే బద్ధకం. వచ్చినవాటికి నేనే రాసేదాన్ని, కింద సంతకం పెట్టమంటే పెట్టేవారు. స్నేహితులకు మాత్రం తనే రెండు ముక్కలు గీకేవారు."

పరిశోధకుడుగారు కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. జీవితమంతా ఇంకొకరి సంతకం కింద దాక్కుని జవాబులు రాసినవాడు! ఆ రోజు అధికారి చేతులు పట్టుకున్న పెద్దాయనకూ తనకూ తేడా ఏముంది? తేడా ఉంది. ఆ పెద్దాయన దాని మీద అధ్యాయం రాయలేదు.

"మీ ఉత్తరం వస్తే పని పక్కన పెట్టి చదివేదాన్ని" అంది పెద్దావిడ. "దగ్గు సంగతి రెండుసార్లు అడిగాను. మీరేమో రెండుసార్లూ కవిత్వం మీద సందేహాలే రాశారు. నాకు అవేం తెలుసు? ఏదో తోచింది రాసేదాన్ని."

ఆ 'ఏదో తోచింది' పుస్తకంలో మూడో అధ్యాయం. కవిగారి కవితా సిద్ధాంతం.

ఆయనకు నవ్వు రాలేదు. అమ్మ మంచం, పక్కనే చెంబు, తను వీపు తిప్పుకుని కవిగారికి ఉత్తరం రాస్తూ కూర్చున్న బల్ల గుర్తొచ్చాయి. సిగ్గేసింది. "దగ్గు సంగతి రాసి పంపుతానండీ" అని మాత్రం అనగలిగాడు.

"అనుమతి కాగితం కూడా మీరే రాసేయండి, సంతకం పెడతాను" అందావిడ.

ఇంటికొచ్చి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అంటే ఇన్నేళ్ళూ పరాయి ఆడమనిషికి ఉత్తరాలు రాశారన్నమాట!" అని, ఆయన ముఖం చూసి ఆపేసి, బల్ల మీది ఉత్తరాలు ఒక పక్కకు సర్ది చోటు చేసింది.

ఆయన తెల్లకాగితం తీసుకున్నాడు. ఈసారి సందేహాలేవీ రాయలేదు.

"అమ్మా, నమస్కారం. మా అమ్మ దగ్గు తగ్గలేదండీ. మీరు రెండోసారి అడిగేనాటికి అమ్మే పోయింది. ఆ సంగతి అడిగింది మీరొక్కరే."