లెక్కపెట్టని లెక్కల సారు

నా సడ్డకుణ్ణి చూస్తే నాకు కడుపుమంట. సడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. నాకన్నా ఆరేళ్ళు చిన్న, పదో తరగతి తప్పాడు, నన్ను నోరారా "అన్నా" అని పిలుస్తాడు. మనిషి చెడ్డవాడైతే నాకు కొంత సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి ఒక్క కారణమూ ఇవ్వడు.

మా అత్తగారిల్లు మరిపెడ దగ్గర ఒక పల్లెలో. జనగామలో ఒక ప్రైవేటు బడిలో నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి అక్కడ నన్నందరూ "సారు" అనేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో అరుగు మీది ముసలాళ్ళు కూడా నన్ను చూసి జరిగి చోటిచ్చేవాళ్ళు. సడ్డకుడు అప్పట్లో తొర్రూరులో బట్టల దుకాణంలో ఉండేవాడు. పొద్దంతా నిలబడి చీరలు విప్పడం, మడవడం. అతను ఉత్త చిన్నల్లుడు, అంతే. ఆ తేడా నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఒక దసరాకు అతనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, దుకాణంల మనసొప్పుతలేదు. భూపాలపల్లిల మా మేనమామ కాలిన మోటర్లకు తీగ సుడ్తడు. ఆయన దగ్గర పని నేర్సుకుంట."

"డిగ్రీ లేదు, చేతిల పని లేదు. ఉన్నది ఇడిశిపెట్టి ఏం జేస్తవ్ తమ్మీ?" అన్నాను. సారును కదా, ఆ మాట అనే హక్కు నాకుందనుకున్నాను.

నిజానికి డిగ్రీ నాకూ లేదు. రెండో ఏడాదిలో మూడు పేపర్లు తప్పాను, అవి అట్లాగే ఉండిపోయాయి. ఈ సంగతి నా భార్యకు తెలుసు, బడి యజమానికి తెలుసు. అత్తగారింట్లో ఎవరికీ తెలియదనే నా నమ్మకం. తనిఖీకి అధికారులు వస్తున్నారని కబురందితే యజమాని నాతో కలిపి డిగ్రీ లేని ముగ్గుర్ని పిలిచి, "జరసేపు బస్సుల కూసోండ్రి సార్" అనేవాడు. బడి వెనక నిలిపిన పసుపుపచ్చ బస్సులో చివరి సీట్లలో దాక్కునేవాళ్ళం. నా క్లాసులో ఆ పూట ఇంకెవరో నిలబడేవాళ్ళు. ఒకసారి నీళ్ళకు వచ్చిన ఐదో తరగతి పిల్ల ఒకతె అద్దంలోంచి నన్ను చూసి, "సార్, ఊరికి పోతున్నరా?" అనడిగింది. అవునన్నాను.

ఆ ఉద్యోగం మీద నాకు ప్రేమ చచ్చిపోయి చాలాకాలమైంది. వదలడానికి మాత్రం ధైర్యం చాలలేదు. సారు అనే మాట పోతే ఆ పల్లెలో నాకు మిగిలేదేమిటి?

సడ్డకుడు భూపాలపల్లి వెళ్ళాడు. నాలుగేళ్ళకు సొంతంగా షాపు పెట్టాడు. అప్పట్నుంచి అత్తగారింటికి పోవడమంటే నాకు శిక్షే. ఇద్దరం పక్కపక్కన అన్నానికి కూర్చుంటాం. రెండు ముద్దలు తింటామో లేదో, వాకిట్లో ఎవరో ఒక రైతు. "చిన్నల్లుడు వచ్చిండంట గదా? మా మోటరు కాలింది, జర సూడుమనుండ్రి." అతను చెయ్యి కడుక్కుని లేచేవాడు. మా అత్త అతని కంచం మీద మూత పెట్టి, తిరిగి వచ్చేదాకా తానూ తినకుండా కూర్చునేది. నేను తిన్నానో లేదో కూడా చూసేది కాదు. ఆ మూత పెట్టిన కంచాన్ని చూసి ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు. ఆ ఊళ్ళో నేను లేక ఎవరి పనీ ఆగింది లేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం భూపాలపల్లి వెళ్ళాను. ఊరికే చూసి వస్తానని ఇంట్లో చెప్పాను. గిరాకీ లేకుండా ఉంటే బాగుండు, షాపు ఇరుకుగా ఉంటే బాగుండు అనుకుంటూ బస్సు దిగాను. షాపు ముందు ఏడు మోటర్లు వరసగా ఉన్నాయి. పొట్టకొచ్చిన వరికి నీళ్ళు లేవని ఒక పెద్దాయన బెంచీ మీద దిగులుగా కూర్చుని ఉన్నాడు. సడ్డకుడు చేతులనిండా నల్లటి మసితో, ఈల వేసుకుంటూ పని చేస్తున్నాడు. నా పనిలో నేను ఈల వేసి ఎన్నేళ్ళయింది? ఒళ్ళు మండిపోయింది.

చాయ్ తాగాక ఊరికే కూర్చోలేక, "నేనేమన్న చెయ్యాల్నా?" అన్నాను.

సడ్డకుడు ఆ పెద్దాయన మోటరును నా ముందు పెట్టి ఉలి, సుత్తి ఇచ్చాడు. "గీ కాలిన తీగ కోసి తియ్యన్నా, నేను సామాను తెస్త" అని బజారుకు పోయాడు.

నాకు పట్టుదల వచ్చింది. గంటసేపు కొట్టి, కోసి, లోపలి సందులన్నీ బ్రష్‌తో రుద్ది తళతళలాడించాను. కోసిన రాగి తీగనంతా తుక్కు డబ్బాలో పడేశాను. వచ్చి మెచ్చుకుంటాడని చూస్తూ కూర్చున్నాను.

అతను వచ్చి మోటరు చూశాడు, డబ్బా చూశాడు.

"సుట్లు లెక్కవెట్టినవా అన్నా?"

పాత తీగ ఎన్ని చుట్లు ఉందో ముందు లెక్కపెట్టి రాసుకోవాలట. కొత్తది సరిగ్గా అన్ని చుట్లే చుట్టాలి, తక్కువైతే మళ్ళీ కాలుతుంది. ఆ పనిలో మొదటి పాఠమే అది. పదేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెప్తున్నవాణ్ణి, నేను లెక్కపెట్టలేదు.

పెద్దాయన బెంచీ మీంచి లేచాడు. "ఎవలయ్యా గీయన? కొత్త పనోడా?"

"మా అన్న. సారు" అన్నాడు సడ్డకుడు మెల్లగా. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇద్దరం నేల మీద కూర్చుని డబ్బా బోర్లించాం. వార్నిష్‌కు అంటుకుపోయి విడిపోని కట్టలు కొన్ని దొరికాయి. కట్టలో ఎన్ని తీగలుంటే అన్ని చుట్లు. నేను లెక్కపెడుతుంటే అతను పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్కో కట్టా మూడుసార్లు లెక్కపెట్టించాడు, నేను క్లాసులో పిల్లలతో చేయించినట్టే.

పెద్దాయన చాయ్‌కి పోయినప్పుడు ఎందుకో నోరు తెరిచాను. "తమ్మీ, నాకు డిగ్రీ లేదు."

"ఎర్కనే అన్నా." తల ఎత్తలేదు. "నా పెండ్లయిన కొత్తలనే మా ఆమె చెప్పింది."

"మరి ఎవ్వలికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్త? నాకు ధైర్నం వచ్చిందే దాంతోని. మా అన్న డిగ్రీ లేకుంటనే అంతమందికి లెక్కలు చెప్తాండు, పదోది తప్పితే నేను మోటరు సుట్టలేనా అనుకున్న. దుకాణం గట్లనే ఇడిశిన."

నేను మురిసిపోవాలి, లేకపోతే ఏడవాలి. రెండూ రాలేదు. మళ్ళీ అసూయే వచ్చింది, అదివరకు ఎన్నడూ లేనంత. దాచిపెట్టుకున్న ఆ ఒక్క సంగతి నాకు పదేళ్ళూ సిగ్గునే ఇచ్చింది. అదే సంగతి పట్టుకుని అతను బతుకు మార్చుకున్నాడు. నా సొమ్ము నా కళ్ళ ముందే ఇంకొకడు అనుభవించినట్టు అనిపించింది.

ఆ నెలాఖరున బడిలో మళ్ళీ తనిఖీ. "జరసేపు బస్సుల కూసోండ్రి సార్." ముగ్గురం బస్సు దాకా నడిచాం. ఇద్దరు ఎక్కారు. నేను ఎక్కలేదు. గేటు దాటి జనగామ బస్టాండుకు నడిచి, హన్మకొండ బస్సెక్కి, అక్కడ భూపాలపల్లి బస్సు మారాను. కూర్చున్నాక ఫోన్ చేశాను.

"తమ్మీ, పని నేర్పుతవా?"

"సారుకు నేను నేర్పుడా?"

"సారు అనకు. లెక్కవెట్టుడు వచ్చింది, ఇగ సుట్టుడు నేర్పు."

ఎనిమిది నెలలైంది. అతని చేతి చుట్టు నాకన్నా పొందిగ్గా వస్తుంది. నేను ఇంకా కుళ్ళుకుంటూనే ఉన్నాను. అత్తగారి ఊళ్ళో సారు అనడం తగ్గిపోయింది. మొన్న ఇద్దరం అన్నం తింటుంటే వాకిట్లోంచి ఎవరో కేకేశారు. "పెద్దల్లుడున్నడా? మోటరు కాలింది." సడ్డకుడు నా వైపు చూసి మళ్ళీ తినసాగాడు. నేను చెయ్యి కడుక్కుని వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి నా కంచం మీద మూత ఉంది. అత్త ఇంకా తినలేదు.