మధ్యాహ్నం పంటు

పాపని పడుకోబెట్టి ఇది రాయడానికి కూర్చున్నాను గానీ, సాయంత్రం వచ్చిన ఫోను తాలూకు సంబరం ఇంకా తగ్గలేదు. "అక్కా, రేపు ఓ అమ్మాయిని వాళ్లింటికి తీసుకెళ్తున్నానక్కా, మధ్యాహ్నం పంటుకే! మీరూ రావాలి, పాపనీ తేవాలి," అంది అవతలి గొంతు. కొన్నేళ్ల కిందట ఆ గొంతులోంచి మాట రప్పించడానికి మేమంతా ఎంత తంటాలు పడ్డామో తలుచుకుంటే, రేపటిదాకా ఆగడం నా వల్ల అయ్యేలా లేదు.

నరసాపురం రేవులో గోదావరి దాటించే పెద్ద బల్లపరుపు పడవని మేము పంటు అంటాం. ఆటోలు, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, చేపల గంపలు, బడిపిల్లలు అన్నీ దాని మీదే అవతలి ఒడ్డుకు వెళ్తాయి. మధ్యాహ్నం పంటుకి ఇంకో ప్రత్యేకత ఉంది. పొద్దున్నే చేపల గంపలతో ఊళ్లోకి వచ్చిన ఆడవాళ్లందరూ ఖాళీ గంపలతో తిరిగి వెళ్లేది అప్పుడే. ఆ పంటు మీద ఒక మాట పడిందంటే, ఒడ్డు చేరేలోగా అవతలి ఊళ్లన్నిటికీ చేరిపోయినట్టే.

నేనప్పుడు సోషల్ వర్క్ చదువు పూర్తిచేసి, భీమవరంలో ఒక ఆశ్రయ గృహంలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. పని ఇప్పిస్తామని నమ్మించి ఊరుకాని ఊరు తీసుకెళ్లి అమ్మేసిన ఆడపిల్లల్ని పోలీసులు విడిపించి తెచ్చాక, వైద్యం, కోర్టు పనులు అయ్యి ఇంటికి వెళ్లేవరకు ఉంచే చోటు అది. గేటుకి బోర్డు ఉండేది కాదు. మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఉద్యోగమంటే హైదరాబాదు, హైదరాబాదంటే సాఫ్ట్‌వేరు అనుకునే రోజులవి. మా నాన్నగారు పాపం, అమ్మాయి ఏం చేస్తోందని చుట్టాలు అడిగితే, ఏదో ఆఫీసండీ అని చెప్పి వెంటనే రొయ్యల ధరల్లోకి వెళ్లిపోయేవారు.

ఆ అమ్మాయి నాకంటే రెండు మూడేళ్లు చిన్నది, గోదావరికి అవతల చేపలు పట్టే కుటుంబం పిల్ల. పిన్ని వరసయ్యే ఒకావిడ బట్టల కంపెనీలో ఉద్యోగమని చెప్పి రైలెక్కించింది. దిగాక కంపెనీ లేదు, బయట గడియపెట్టిన ఇల్లొకటి ఉంది. అంతకంటే నేను రాయను, అది ఆమె చెప్పుకుంటే చెప్పుకోవలసిన మాట. మా దగ్గరికి వచ్చాక పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని లేసు అల్లేది, చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిన పనట, అల్లిందంతా సాయంత్రానికి విప్పేసేది. ఆ దారం నలిగి నలిగి బూడిదరంగుకి తిరిగింది గానీ ఒక్క పువ్వూ పూర్తికాలేదు.

వాళ్లమ్మ వీలైనప్పుడల్లా వచ్చి చూసి వెళ్లేది. అన్న మాత్రం ఒక్కసారీ రాలేదు. తనని వాకిట్లోకి రానివ్వడని ఆ పిల్ల నిశ్చయించుకుంది. ఇంటికి పంపవచ్చని ఉత్తర్వు వచ్చిన రోజున కూడా, వెళ్తేనే గదా కాదనిపించుకోవడం అన్నట్టు మూలకి తిరిగి పడుకుంది. ఎంతో బతిమాలితే చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆఖరి పంటుకి, చీకటి పడ్డాక, తల నిండా కొంగు కప్పుకుని వెళ్లాలి, ఎవరూ చూడకూడదు. ఆ గృహం నడిపే మా మేడం గారికి, నాకు కూడా అదే క్షేమమనిపించింది, వాళ్లమ్మకి ఫోన్ చేసి అలాగే చెప్పాం. ఆవిడ అంతా విని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఖాళీ గంపతో ప్రత్యక్షమైంది.

"సీకట్లో రావడానికి నా పిల్లేవన్నా దొంగతనం చేసిందా అండీ? మోసం చేసిన మనిషి పట్టపగలు తిరుగుతుంటే, మోసపోయిన పిల్ల రాత్రులు తిరగాలా? నడవే అమ్మడూ, మధ్యాహ్నం పంటు దొరికిద్ది."

తల్లి ముఖం చూసి ఆ పిల్ల లేచింది. నరసాపురం రేవుదాకా బస్సులో నేనూ వాళ్ల వెంట వెళ్లాను. తీరా పంటు ఎక్కే చెక్కల దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కాళ్లు ఆగిపోయాయి. పంటు నిండా వాళ్ల పేటవాళ్లే. అందరి కళ్లూ ఇటే. అక్కడినుంచి వెనక్కి తిరిగితే మరి ఆ పిల్ల ఎప్పటికీ గోదావరి దాటదని నాకు తెలిసిపోయింది.

అంచున కూర్చున్న ఒక లావుపాటి ఆవిడ కేకేసింది. "ఏమే, ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లిందే నీ కూతురు?"

తల్లి గంప దించి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"పుష్కరాల్లో నీ మొగుడు తప్పిపోతే ఏం చేశావే? మైకులో పేరు పిలిపించి, దొరికాడని పేటంతా బూరెలు పంచలేదూ? నా పిల్లా తప్పిపోయింది. దొరికింది. రేపు నేనూ బూరెలు వండుతున్నాను, వచ్చి తినెళ్లు."

అప్పుడా లావుపాటి ఆవిడే, "ఆడు తప్పిపోలేదే తల్లీ, కాజాల కొట్టుకాడ కూర్చుండిపోయాడు!" అంది. పంటు పంటంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో ఒక కొత్త నవ్వు నా పక్కనుంచే వినపడింది, అన్నాళ్లలో ఆ పిల్ల నవ్వగా వినడం అదే మొదలు. లావుపాటి ఆవిడ తన గంప పక్కకి జరిపి, "రామ్మా, ఇటు నీడలో కూర్చో," అంది. ఆ పిల్ల ఎక్కి కూర్చుంది.

అవతలి ఒడ్డున, రేవుకి కాస్త పక్కగా, కొత్త పడవొకటి ఇసుకలో ఉంది. రంగు వేసి చాలా రోజులైనట్టుంది, అడుగున తడి మచ్చైనా లేదు. మా వైపు ఇంటి ఆడపడుచు పసుపు, కుంకుమ పెట్టకుండా కొత్త పడవ నీళ్లలో దించరు. పడవ పక్కన పసుపు గిన్నె పట్టుకుని వాళ్లన్న నిలబడ్డాడు, తల ఎత్తలేదు. ఆ పిన్ని వెంట పంపమని ఇంట్లో పట్టుబట్టింది తనేనట, ఆ ముఖం చూపించలేక మా దగ్గరికి రాలేదట. పేటలో వాళ్లంతా, వేట సాగే రోజులన్నీ పోతున్నాయిరా, మీ మేనత్త చేత పెట్టించరా అని పోరినా వినలేదని తల్లి చెప్పింది. అతను గిన్నె చాచి, "ఎండలో బీటలు తీస్తందే, తొరగా పెట్టు," అని మాత్రం అన్నాడు. ఆ పిల్ల రెండు చేతులా పసుపు ముంచి పడవ ముక్కుకి రాసింది. మిగిలింది అన్న చొక్కాకి రాసింది.

ఇప్పుడా అమ్మాయే ఇలా తిరిగొచ్చే పిల్లల్ని ఇళ్లకి చేర్చే పని చేస్తోంది. రేపు పంటు మీద చూడబోయేది ఎవరి పిల్లనో నాకు తెలియదు, అయినా పాప బట్టలు, పాలసీసా సంచిలో అప్పుడే సర్దేశాను. ఆనాడు పిన్ని వరసలు గుమ్మం దాటి వచ్చి చాప మీద కూర్చునేవారు, కనీసం ముఖం కనిపించేది. ఇప్పుడు ఆ తియ్యటి మాటలు ఫోనులో పక్క మీదికే వస్తున్నాయి, నిద్రపోతున్న నా పాపని చూస్తే అందుకే భయం. ఆ రేవుకి వంతెన వస్తుందంటున్నారు. మంచిదే, ఆసుపత్రికి వెళ్లాల్సిన వాళ్లు పంటు కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ అద్దాలెత్తిన కార్లలో ఎవరి దారిన వాళ్లం గోదావరి దాటిపోయే ఆ రోజుల్లో, నా పిల్ల దొరికిందని నలుగురి మధ్యా కేకేసి చెప్పుకోవడానికి ఒక తల్లి ఎక్కడికి వెళ్తుంది? పక్కకి జరిగి నీడలో చోటిచ్చేది ఎవరు?