మావయ్యగారి ఎలుకల తుపాకీ

మొన్న మంగళవారం పొద్దున పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. స్టేషన్ అనగానే మా ఏజెన్సీ కొండల్లో ఎవరికైనా ముందు నోరెండిపోతుంది, ఆ తరవాతే మాట వస్తుంది. నాకు అలవాటు ప్రకారం మాటే ముందొచ్చింది. "ఏం చేశామని?" అన్నాను. అవతల కానిస్టేబులే కంగారుపడ్డాడు. "ఏటీ సెయ్యలేదు మేడమ్. మీ మాంగారి తుపాకీ ఒకటి మా కాడ ఉండిపోనాది. బీరువా సర్దుతుంటే దొరికినాది. తీసుకెల్తారా, వొద్దని రాసిచ్చేత్తారా? బేగి తేల్చమంటన్నారు." వచ్చి చెబుతానని పెట్టేశాను. పెట్టేసి, పక్క గదిలో లెక్కలు చేసుకుంటున్న మా అమ్మాయిని గుమ్మంలోంచి తొంగి చూశాను. ఇంటర్ రెండో సంవత్సరం, పెన్సిలు చెవిలో పెట్టుకుని కిటికీలోంచి కొండల్ని చూస్తోంది. కొండల్ని చూస్తోందా, చెయ్యాల్సిన లెక్క మరిచిపోయిందా అని నా గుండె ఒక్క క్షణం ఆగింది. తుపాకీకీ ఆ పిల్ల లెక్కలకీ ఏమిటి సంబంధం అంటే పదహారేళ్లు వెనక్కి వెళ్లాలి.

మా మావయ్యగారు మిషన్ బడిలో హెడ్మాస్టరు చేసి రిటైరై, డుంబ్రిగుడ దగ్గర పెంకుటిల్లు కట్టుకున్న మనిషి. ఆదివారం చర్చిలో వాక్యం చదివినా, సోమవారం కోళ్లని గూట్లోకి తోలినా ఒకటే గొంతు. మా ఆయన ఉద్యోగం పార్వతీపురంలో, వారానికోసారి రాక. ఏడాదిన్నర పిల్లని పెట్టుకుని నేను ఆయన దగ్గరే ఉండేదాన్ని. మా ఇద్దరికీ వాదన లేకుండా కాఫీ దిగేది కాదు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేశానన్న సంగతి ఇంట్లో ఎవరినీ మరచిపోనిచ్చేదాన్ని కాదు. ఆయన ముప్ఫయ్యేళ్ల హెడ్మాస్టరుగిరీని నన్ను మరచిపోనిచ్చేవారు కాదు.

ఆ ఏడు చోళ్ళు, అదే రాగులు, బాగా పండాయి. వెనక గదిలో మూతల్లేని వెదురు గాదెలు మూడు నిండాయి, వాటితోపాటు ఎలుకలూ వచ్చాయి. ఒకటీ అరా అయితే సరే. దూలాల మీద పట్టపగలు ఊరేగింపు. బోను పెడితే వాసన చూసి పోయేవి. పిల్లిని తెస్తే అది మావయ్యగారి ఒళ్లో పడుకుని ఆయనతోపాటు రేడియో వినేది. చివరికి ఆయన సంతనుంచి ఎలుకల మందు తెచ్చారు. పొట్లం చూడగానే నాకు ఒళ్లు మండింది. తప్పటడుగుల పిల్ల, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. "ఈ పొట్లం ఇంట్లో ఉంటే నేను ఉండను. ఎలుకలకి ఇంకే దారీ లేదా, మీ తుపాకీ ఉందిగా?" అన్నాను. అన్నది నేనే. ఈ కథలో ఈ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు వెనక్కి తీసుకుందామనుకున్నానో నాకే తెలియదు.

తుపాకీ అంటే పెద్దదేం కాదు. బడి కట్టించిన ఫాదరు వెళ్లిపోతూ మావయ్యగారి తండ్రికి ఇచ్చిందట. లైసెన్సు కొడుక్కి దిగింది. చిటికెనవేలు కూడా దూరని గొట్టం. లోపల గాడులుండవు, గాజుగ్లాసు లోపలిలా నున్నగా ఉంటుంది. తూటా సిగరెట్టు ముక్కంత. అందులో ఒక్క పెద్ద గుండు బదులు పావుచెంచాడు సీసపు రవ్వ, గింజ గింజా చోడిగింజంత. మావయ్యగారు నాకు దీనిమీద ఏకంగా పాఠమే చెప్పారు. "నున్నటి గొట్టంలోంచి వచ్చిన గుండ్లు జల్లులా విచ్చుకుంటాయమ్మా. పది అడుగుల్లో ఎలుక చస్తుంది, పెంకు పగలదు. ఇరవై అడుగులు దాటితే చొక్కా మీద ఇసక చల్లినట్టే. ధాన్యపు కొట్లో వాడటానికే చేసిన వస్తువు." వినడానికి చాలా శాస్త్రీయంగా ఉంది. కెమిస్ట్రీ చదివిన కోడలు తలూపింది.

మూడు వారాలపాటు సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లో అదో కార్యక్రమం. ఆయన కాన్వాసు బూట్లు వేసుకుని వెనక గదిలో స్టూలు మీద కూర్చునేవారు. నేను పిల్లని ఎత్తుకుని వీధి చివరిదాకా వెళ్లేదాన్ని. "టప్" మని చిన్న చప్పుడు, దుప్పటి దులిపినట్టు. కాసేపటికి ఆయన ఎలుకని తోకపట్టుకుని తీసుకొచ్చి పెరట్లో పాతేసేవారు. పెంకు ఒక్కటీ పగల్లేదు. ఆ గుండ్లు దూలానికి తగిలి ఎక్కడికి పోతున్నాయని హెడ్మాస్టరూ అడగలేదు, డిగ్రీ చదివిన కోడలూ అడగలేదు.

అడిగింది మా ఇంట్లో విసిరి పెట్టే ముసలమ్మ. పిల్లకి చోడిజావ కోసం తాజాగా పిండి కావాలని తిరగలి మీద విసరడం ఆమె పని. ఓ పొద్దున పై రాయి ఎత్తి నన్ను పిలిచింది. "ఇదేటమ్మా, తిరగలికి ఎండి పూత పూయించినారా? తుడిత్తే పోదు." వంగి చూశాను. నల్లరాతి మీద వెండిచారలు, మిలమిలా, ముగ్గేసినట్టు. వేలితో రాసి కాగితం మీద గీశాను. బూడిదరంగు గీత పడింది. పాత రోజుల్లో సీసంతో కాగితం మీద గీతలు గీసేవారని క్లాసులో చెప్పిన పాఠం ఆ క్షణంలో గుర్తొచ్చింది. దూలాల కింద మూతల్లేని గాదెలూ గుర్తొచ్చాయి. పిల్ల వెనకాల పీట మీద కూర్చుని ఆ పిండితో కాచిన జావే తాగుతోంది. గిన్నె లాక్కున్నాను. అది ఏడుపు అందుకుంది. ఎన్నాళ్లుగా తాగుతోందని లెక్కేస్తే పద్దెనిమిది రోజులు.

మర్నాడే రైలెక్కాను. బొర్రా దాటాక సొరంగం వచ్చినప్పుడల్లా చీకట్లో పిల్ల ముక్కు కింద వేలుపెట్టి ఊపిరి చూసుకున్నాను. విశాఖలో డాక్టరు రక్తం తీయించి, ఈ పరీక్ష ఇక్కడ చేయరు, బయటికి పంపాలి, పది రోజులు పడుతుందన్నాడు. ఈలోగా ఏం చూసుకోవాలంటే, ఆకలి లేకపోవడం, చిరాకు, మలబద్ధకం అన్నాడు. ఏడాదిన్నర పిల్లకి ఈ మూడూ లేని రోజేదో ఆయనే చెప్పాలి. పది రోజులూ ఆ పిల్ల తుమ్మితే లేచాను, నవ్వితే అనుమానించాను. పాత కెమిస్ట్రీ పుస్తకం తీసి సీసం పేజీ చదివాను. మెదడు అన్న మాట దగ్గర మూసేశాను.

ఇంట్లో మావయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. మూడు గాదెల చోళ్ళూ పెరట్లోకి దించి, ఇత్తడి పళ్లెంలో నీళ్లుపోసి గాలించడం మొదలుపెట్టారు. గాలించడం ఆడవాళ్ల చేతిలో ఉన్న విద్య. పళ్లెం వాల్చి తిప్పుతుంటే గింజ తేలి ముందుకు జారుతుంది, బరువైంది అడుగున మిగులుతుంది. ఆయన తిప్పితే అన్నీ కలిసి ఒళ్లో పడేవి. ముసలమ్మ నవ్వాపుకోలేకపోయింది. "మాస్టారూ, అలగ తిప్పితే సోళ్ళూ పోతాయి, గుండ్లూ పోతాయి. బడి గుంటల సెవి మెలిపెట్టినట్టు కాదు, మెల్లగ." ఆయన కోప్పడలేదు. "చూపించు" అన్నారు. మూడో నాటికి వచ్చేసింది. దొరికిన గుండ్లన్నీ ఖాళీ సిరాబుడ్డిలో వేశారు. రోజూ సాయంత్రం ఆ బుడ్డి నా కంటపడేలా కిటికీలో పెట్టేవారు. అందులో ఎన్ని ఉంటే పిల్ల కడుపులోకి అన్ని తక్కువ వెళ్లాయని ఆయన లెక్క.

నేను మాత్రం ఒక్క మాట కోసం ఎదురుచూశాను. "మందు వద్దు, తుపాకీ తియ్యమన్నది నువ్వేగా" అంటారని. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. గట్టి జవాబు, మూడు భాగాలుగా. ఆయన ఆ మాట అనలేదు. పది రోజుల్లో అనలేదు, ఆ తరవాత బతికిన పదేళ్లలోనూ అనలేదు. నా జవాబు నాలోనే మిగిలిపోయింది.

పదకొండో రోజు డాక్టరు ఫోను చేశాడు. "భయపడాల్సినంత లేదమ్మా. కొంచెం ఉంది. మూడు నెలల్లో మళ్లీ చూద్దాం." మూడు నెలల తరవాత ఇంకా తగ్గింది, ఇక రానక్కర్లేదన్నాడు. మావయ్యగారు ఆ రోజు మూతలున్న ఇనపడ్రమ్ములు తెచ్చారు. అదే ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకోవడం పద్ధతి. ఆయన అప్పగించారు. తెచ్చుకోలేదు. నేను అడగలేదు.

నిన్న అమ్మాయిని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లాను. కానిస్టేబులు తుపాకీ బల్ల మీద పెట్టాడు. ఇంత చిన్నదా అనిపించింది. "తాతయ్య దీంతో ఎవర్ని కాల్చేవాడమ్మా? చీమని కూడా తొక్కేవాడు కాదుగా" అంది అమ్మాయి. "ఎలుకల్ని" అన్నాను. వద్దని రాసిచ్చే కాగితంలో కారణం రాయాలట. ఒకటి రాసి కొట్టేశాను. "ఏటో ఒకటి రాసీండి మేడమ్, ఎవలూ సదవరు" అన్నాడు కానిస్టేబులు. "అవసరం తీరింది" అని రాశాను. అమ్మాయి నా భుజం మీదుగా వంగి, "అవసరంలో సున్నా మరిచిపోయావు" అంది. చూస్తే సున్నా పోయిన మాట నిజమే, కంగారులో "తీరిది" అని రాశాను, సున్నా పోయింది అవసరంలో కాదు, తీరడంలో. సరిగ్గా ఏ మాటో చెప్పలేకపోయిందని మళ్లీ నా గుండె ఆగింది.

డాక్టరు పది రోజులన్నాడు. పిల్లకి పదిహేడున్నరేళ్లు నిండాయి, నాకు ఆ పది రోజులే ఇంకా నిండలేదు.