దండ పడని మెడ

వికారాబాద్ స్టేషన్‌లో మూటలు మోసే ఈరయ్యకు కబడ్డీ కూత వినబడితే చాలు, ఒళ్లు మండిపోయేది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల అతణ్ణి పట్టి ఆపగలిగిన మొనగాడు లేడంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ అనేవాడు. ఆ ఆట పేరు తలుచుకుంటేనే అతనికి వెగటు.

నవాబుపేట పక్క పల్లెలో పటేలు ఇంట జీతగాడిగా ఉండగా ఈరయ్యకు చెడుగుడు పట్టుబడింది. పగలంతా పటేలు చేలో చాకిరీ, సాయంత్రం పటేలు జట్టులో ఆట. మోకాళ్లు చీరుకుపోయేది ఈరయ్యకు, మీసం దువ్వుకునేది పటేలు! ఆటకు కూలి అడిగితే ఊరి పరువు పోతుందట. వెట్టి చేయించుకుంటే మాత్రం పోదట, ఏం పరువో మరి.

పోలీసు చర్య అయిన కొన్నేళ్లకు తాండూరులో నాపరాళ్ల గనులున్న ఓ సేటు కబడ్డీ జట్టు కట్టి, ఆడేవాళ్లకు గనిలో పని ఇచ్చాడు. ఈరయ్య తన భార్య నాగవ్వతో తాండూరు రైలెక్కాడు.

"ఆటను అమ్ముకున్నోడు మన బరిల కాలు పెట్టొద్దు" అన్నాడు పటేలు. అంతే, ఊళ్లో పెళ్లికి పిలుపు లేదు, చావుకు కబురు లేదు. చిన్ననాటి జోడీ ఎంకయ్య సైతం ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. గనిలో కడుపు నిండినా ఈరయ్య మనసు నిండలేదు. ఊరివాళ్లు మళ్లీ 'మనోడు' అంటే చాలనుకునేవాడు.

సేటు ఆడించే ఆట వేరు. పల్లె చెడుగుడులో చచ్చినవాడు చచ్చినట్టే. బరి వదిలి, మొహం కడుక్కుని, జనంలో కూర్చుంటాడు. కొత్త ఆటలో అవతలివాడొకడు చస్తే మనవాడొకడు తిరిగి బరిలోకి వస్తాడు. అందుకే చచ్చినవాళ్లు గీత పక్కనే కాచుకుని ఉండాలి.

ఓ ఎండాకాలం పటేలు జట్టు కూడా కొత్త ఆట నేర్చుకుని తాండూరుకు వచ్చింది. ఆట చివర్లో ఎంకయ్య ఈరయ్య కాలు దొరకబట్టి పడేశాడు. చుట్టూ అన్నీ ఊరి మొహాలే. ఈరయ్య దులుపుకుని లేచి, పాత అలవాటున జనాన్ని తోసుకుంటూ నీళ్ల కుండ దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు, అంగీ తొడుక్కున్నాడు. అంతలో అవతలివాడొకడు చచ్చాడు. ఈరయ్య తిరిగి బరిలోకి రావాల్సిన వంతు. పిలిచారు, అరిచారు, మనిషి లేడు. మనిషి తక్కువై సేటు జట్టు ఓడింది.

"ఎంతకు అమ్ముడువోయినవ్ రా? గని దిక్కు రాకు!" సేటు అందరి ముందూ తిట్టిపోసి వెళ్లాడు.

ఈరయ్య నోరు పెగిలేలోపే పటేలు బంతిపూల దండతో వచ్చి అతని మెడలో వేశాడు. "శెబాష్ రా ఈరిగా! మనల్ని గెలిపియ్యనీకే గట్ల బయటికొచ్చినవ్ గదా! ఇగ ఊరికి రా, బరి నీదే."

ఎంకయ్య కళ్లనీళ్లతో భుజం మీద చెయ్యేశాడు. "మనోడు రా నువ్వు" అన్నాడు.

ఇన్నేళ్లూ చెవులొగ్గి కాచుకున్న మాట! అదిప్పుడు దేనికి దక్కింది? ఛీ! కష్టపడి ఆడి కూలి తీసుకుంటే అమ్ముకున్నట్టు, అన్నం పెట్టినవాడికి ద్రోహం చేస్తే ఊరి బిడ్డ!

"ఊకో, అవునను" అని ఆట చూడవచ్చిన నాగవ్వ చెవిలో గొణిగింది. "పనైతే పాయె. ఊరన్న దక్కుతది."

ఈరయ్య ఆమె మొహం చూశాడు. అబద్ధం కూడా అక్కర్లేదు, నోరు మూసుకుంటే సరిపోయేది.

"మర్సిపోయిన పటేలా" అన్నాడు. "గంతే. మిమ్మల్ని ఓడగొట్టనీకే ఆడిన నేను."

భుజం మీది చెయ్యి జారిపోయింది. పటేలు మొహం గంటు పెట్టుకుని, ఈరయ్య మెడలోంచి దండ లాగి ఎంకయ్య ముందు చాపాడు.

ఎంకయ్య ఒకసారి ఈరయ్య వంక చూసి, తలొంచి దండ వేయించుకున్నాడు.